క్రియకు ఇంటిపేరు: రోమాన్సు భాషలలో క్రియాప్రత్యయముల చరిత్ర

పరభాషనుండి వచ్చు నామము అతిథివంటిది. వచ్చిన వేషముతోనే వసారాలో కూర్చుండును. రైలు, బెంచీ, కచేరి, దివాను మొదలైన వానిని మనము స్వల్పమైన ఉచ్చారణ భేదముతో ఉన్నవి ఉన్నట్లే వాడుకొనుచున్నాము. క్రియ సంగతి వేఱు. అది కోడలివలె ఇల్లు చేరవలెను. కాలము, పురుషము, వచనము అను ఇంటిపనులన్నియు దానిమీదనే పడును గనుక, దానికి ముందుగా ఇంటిపేరు పెట్టక తప్పదు. ఆ ఇంటిపేరే క్రియాప్రత్యయము. ‘ప్రేమ’ సంస్కృతము, ‘ప్రేమించు’ తెలుగు. ‘ఇంచు’ అను చిన్న ప్రత్యయము ఒక్కటే ఆ పదమును మన యింటిదానిని చేసినది.

ఇట్టి ప్రత్యయములు ఎట్లు పుట్టును, ఎట్లు అరుగును, ఎట్లు ఒకదాని చోటికి మఱియొకటి వచ్చును అను విషయము తెలిసికొనుటకు లాటిను సంతతి భాషల చరిత్రకంటె మంచి పాఠము లేదని మా అభిప్రాయము. మన ద్రావిడ భాషలకు మూలమైన తల్లిభాషను పండితులు ఊహించి కట్టవలసియున్నది. రోమాన్సు భాషలకు అట్లు కాదు. తల్లియైన లాటిను వ్రాతలో నిలిచియున్నది. బిడ్డలైన ఇటాలియను, ఫ్రెంచి, స్పానిషు, పోర్చుగీసు, కాటలాను, రుమేనియను భాషలు నేటికిని కోట్లమంది నోట నున్నవి. జర్మను పండితుడు ఫ్రెడరిక్ డీజ్ తన రోమాన్సు భాషల వ్యాకరణపు తొలి సంపుటమును 1836లో ప్రకటించెను. కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణము 1856లో వెలువడినది. అనగా ఈ రెండు కుటుంబముల శాస్త్రములును ఇంచుమించు ఒక్క తరములో పుట్టినవే. మన యానామువారికి ఇది బొత్తిగా పరాయి సంగతి కూడ కాదు. 1954 వరకు ఫ్రెంచి పాలనలో నున్న ఆ యూరి పాఠశాలలో ‘ఫినీర్’ అను క్రియను వల్లెవేసిన పెద్దల మాట వారి యిండ్లలో వినబడుచుండును. ఆ ‘ఫినీర్’ క్రియకు బహువచనములో ఎక్కడినుండియో ఒక ‘స్’ వచ్చి చేరుటను చూచి ఆశ్చర్యపడినవారును ఉండవచ్చును. ఆ ‘స్’ కథ ముందు చెప్పెదము.

లాటినులో క్రియలకు నాలుగు గణములు గలవు. వానిలో ‘ఆరె’ అంతమున గల మొదటి గణము నామములనుండి క్రియలను చేయుటకు అన్నింటికంటె అనువైనది. ‘దోనుమ్’ అనగా కానుక. ‘దోనారె’ అనగా కానుకగా నిచ్చుట. నాలుగవదగు ‘ఈరె’ గణమును కొంతవఱకు ఇట్లే పనిచేసినది: ‘ఫీనిస్’ అనగా హద్దు, కడ, ‘ఫీనీరె’ అనగా కడముట్టించుట. తక్కిన రెండు గణములలో ప్రాచీన ధాతువులు మెండు. వాని రూపములు వంకరటింకరలు. సామ్రాజ్యము విస్తరించి, లాటిను మాతృభాష కాని కోట్ల ప్రజలు దానిని నేర్చుకొనవలసి వచ్చినప్పుడు, ఆ వంకరలు భారమైనవి. జనులు సులభమైన గణమువైపు మొగ్గిరి.

ఎట్లనగా, ‘కనెరె’ అనగా పాడుట. దాని భూతకాలము ‘కెకినీ’. ధాతువెక్కడ, రూపమెక్కడ? కాని లాటినులోనే మాటిమాటికి చేయు పనిని తెలుపుటకు క్తాంతరూపమునుండి మొదటి గణపు క్రియను చేయు పద్ధతి యొకటి కలదు. ‘కనెరె’ నుండి ‘కంతారె’ అట్లు పుట్టినది. దాని మొదటి అర్థము పలుమార్లు పాడుట. కాలక్రమమున ఆ పౌనఃపున్యము మాసిపోయి, ‘కంతారె’ కేవలము పాడుటయే యైనది, ‘కనెరె’ మరుగుపడినది. ఫ్రెంచి ‘షాంతే’, ఇటాలియను ‘కంతారె’, స్పానిషు ‘కంతార్’ అన్నియు ఈ రెండవదాని సంతానమే. సహాయపడుట, మఱచుట అను క్రియలకును ఇదే గతి పట్టినది. మఱచుటకు లాటిను క్రియ ‘ఓబ్లీవీస్కీ’. కర్మణి రూపము, కర్తరి అర్థము! అట్టి విడ్డూరమును సామాన్యులు ఎంతకాలము మోయుదురు? దాని క్తాంతమగు ‘ఓబ్లీతుస్’ నుండి ‘ఓబ్లీతారె’ అను సాధువైన క్రియను చేసికొనిరి. ఫ్రెంచి ‘ఊబ్లియే’, స్పానిషు ‘ఒల్విదార్’, రుమేనియను ‘ఉయితా’ అందుండి వచ్చినవి.

ఈ మార్పునకు ఒక చక్కని సాక్ష్యము గలదు. 8వ శతాబ్దమున ఉత్తర ఫ్రాన్సు ప్రాంతమున ఎవరో ఒక పేరులేని సన్యాసి, తనవారికి బైబిలు లాటిను అర్థము కాకుండుట చూచి, కఠినపదములకు వాడుకపదములతో టీక వ్రాసెను. రైచనావు మఠపు గ్రంథములలో దొరకినందున దానిని రైచనావు పదకోశమందురు. అందులో ‘దా’, అనగా ‘ఇమ్ము’ అను మాటకు ‘దోనా’ అని అర్థము వ్రాయబడియున్నది. ఇమ్మను ఏకాక్షరపు మాటకే టీక కావలసి వచ్చినది! కానుకనుండి పుట్టిన ‘దోనారె’ ఆ దేశమున కేవలము ఇచ్చుటగా దిగివచ్చినది. నేటి ఫ్రెంచి ‘దోనే’ అదియే. ఇటలీ, స్పెయిను వారు మాత్రము పాత ‘దారె’, ‘దార్’లను విడువలేదు.

తరువాతి తరములవారు ‘ఆరె’కు ముందు చిన్న చిన్న అతుకులు చేర్చి కొత్త ప్రత్యయములను చేసికొనిరి. ‘ఇకారె’ అట్టిది. ‘కబల్లుస్’ అనగా వాడుక లాటినులో గుఱ్ఱము; ‘కబల్లికారె’ అనగా స్వారి చేయుట. ఇటాలియనులో ‘కవల్కారె’, స్పానిషులో ‘కబల్గార్’, ఫ్రెంచిలో ‘షెవోషే’. ‘కర్రుస్’ అనగా బండి. అదియు లాటినువారి సొంతము కాదు, గాల్ దేశీయులవద్ద ఎరువు తెచ్చుకొన్నది. ‘కర్రికారె’ అనగా బండికెత్తుట, బరువు వేయుట. ఇది ఫ్రెంచిలో ‘షార్జే’ యైనది. ఇంగ్లీషునకు పోయి, బరువు, బాధ్యత, ఖర్చు అను అర్థములను సంతరించుకొనినది. మన బస్సు ఛార్జీగా కండక్టరు చేతిసంచిలోనికి వచ్చినది. గాల్ దేశపు బండి ఇంత దూరము నడచినదని టికెట్టు కొనునప్పుడు ఎవరు తలంతురు! ‘ఇయారె’ అను అతుకు ఇంతకంటె సన్నపాటిది. ‘ఆల్తుస్’ (ఎత్తైన) నుండి ఎత్తుట అను అర్థమున స్పానిషు ‘అల్సార్’, ఫ్రెంచి ‘ఓసే’లు దాని సృష్టి. దానినిగూర్చి విస్తరించము.

గ్రీకునుండి వచ్చిన ప్రత్యయము కథ మన సాహిత్యాభిమానులకు మిక్కిలి రుచించును. గ్రీకులో ‘ఇజైన్’ అను క్రియాప్రత్యయము గలదు. క్రీస్తునకు పూర్వము 2వ శతాబ్దారంభమున మరణించిన హాస్యనాటకకర్త ప్లౌతుస్ దానిని ‘ఇస్సారె’ అని లాటినులో పలికించి, గ్రీకుపోకడ పోవుట మొదలైన అర్థములతో పరిహాసపు క్రియలను కల్పించెను. అప్పుడది నవ్వులాట. తరువాత క్రైస్తవమతము గ్రీకు భాషాముఖమున రోమునకు వచ్చినది. నీట ముంచి మతమిచ్చు ‘బాప్తిజైన్’ లాటినులో ‘బాప్తిజారె’ యైనది. మతముతోబాటు ప్రత్యయమును ప్రజల నోటికెక్కినది. ‘జ’కారము వారికి అలవాటు లేనందున ‘ఇదియారె’ అని పలికిరి. ఆ పలుకుబడినుండి ఇటాలియను ‘ఎజ్జారె’, స్పానిషు ‘ఎయార్’, కాటలాను ‘ఎజార్’, ఫ్రెంచి ‘వాయే’ పుట్టినవి. యుద్ధము చేయుట ఇటలీలో ‘గ్వెర్రెజ్జారె’, స్పెయినులో ‘గెర్రెయార్’, ఫ్రాన్సులో ‘గెర్వాయే’. పచ్చబారుట క్రమముగా ‘వెర్దెజ్జారె’, ‘వెర్దెయార్’, ‘వెర్ద్వాయే’.

అటుపిమ్మట పండితులు గ్రంథములనుండి అదే ప్రత్యయమును చెక్కుచెదరకుండ మరల తెచ్చిరి. అది ఇటాలియను ‘ఇజ్జారె’, స్పానిషు ‘ఇసార్’, ఫ్రెంచి ‘ఈజే’. వ్యవస్థీకరించుట, నాగరికము చేయుట వంటి నేటి అధికార భాషాపదములన్నియు ఈ రెండవ రాకవే. ఇంగ్లీషునందలి ‘ఐజ్’ కూడ ఇదే. ఒక్క గ్రీకు ప్రత్యయము జనుల నోట తద్భవమై, పండితుల కలమున తత్సమమై, ఒకే యింట అన్నదమ్ములవలె కాపురముండుట మనకు కొత్త కాదు గదా. అయితే వారిలో ఎవరు బ్రతికిరి అనునది దేశమునకొక తీరు. ఫ్రాన్సులో తత్సమపు ‘ఈజే’ వర్ధిల్లి, తద్భవపు ‘వాయే’ కొత్త క్రియలను పుట్టించుట మానినది. మన ‘ఇల్లు’ ప్రత్యయము స్థితియు నిట్టిదే. వర్ధిల్లు, విలసిల్లు, రాజిల్లు అను మాటలు బ్రతికియున్నవి గాని, ఆ ప్రత్యయముతో నేడు ఎవరును కొత్తమాట చేయరు. స్పెయినులో దీనికి విపర్యయము. అచట ‘ఎయార్’ నేటికిని యౌవనములోనే యున్నది. టెలిఫోనులో మాటలాడుట ‘తెలెఫొనెయార్’. కంప్యూటరు యుగపు స్కాను, ఫార్మాటులు సైతము ‘ఎస్కానెయార్’, ‘ఫోర్మాతెయార్’ అయినవి.

ఇప్పుడు యానాము పాఠశాలలోని ‘స్’. లాటినులో ‘ఎస్కెరె’, ‘ఇస్కెరె’ అను ప్రత్యయము ఆరంభమును, క్రమక్రమముగా నగుటను తెలిపెడిది: పూయనారంభించుట, తెల్లబడుట, ముసలియగుట. అర్థము కాలక్రమమున అరిగినది. మిగిలినది ‘ఇస్క్’ అను శబ్దము మాత్రము. అర్థము పోయిన శబ్దము నశింపవలసినదే. కాని దీనికి వేఱు పని దొరకినది. లాటిను క్రియలలో ఊనిక కొన్ని రూపములలో ధాతువుమీదను, కొన్నింటిలో ప్రత్యయముమీదను పడెడిది. ఊనిక పడిన అచ్చు ఒక విధముగా, పడని అచ్చు మఱియొక విధముగా మారినందున, ఒకే క్రియ రెండు ధాతువులుగా చీలిపోవు ప్రమాదము వచ్చినది. ఫ్రెంచిలో ‘నేను చనిపోవుచున్నాను’ అనునది ‘మర్’ అని, ‘మేము చనిపోవుచున్నాము’ అనునది ‘మురోఁ’ అని చీలుట ఇందులకు ఉదాహరణము. ‘ఈరె’ గణపు క్రియలలో ధాతువునకు తరువాత ఈ పనిలేని ‘ఇస్క్’ను చేర్చినచో ఊనిక ఎల్లప్పుడును ధాతువును దాటి పోవును; ధాతువు క్షేమముగా నుండును.

ఇటాలియనులో ఈ యేర్పాటు నిక్కముగా కనబడును. ‘ఫినీస్కొ’ (ముగింతును), ‘ఫినీస్కొనొ’ (వారు ముగింతురు) అనుచో ‘ఇస్క్’ ఉండును. ‘ఫినియామొ’ (మేము ముగింతుము) అనుచో ఉండదు, ఏలయన అక్కడ ఊనిక సహజముగనే చివరకు పోయినది. అనగా అవసరమైనచోటనే గొడుగు పట్టిరి. ఫ్రెంచివారు అంతటితో ఆగలేదు. బహువచనమునకును, గతకాలపు అసంపూర్ణ రూపములకును దానిని పాకించిరి: ‘ను ఫినిసోఁ’, ‘ఈల్ ఫినీస్’. భవిష్యత్తును మాత్రము విడిచిరి. స్పెయినువారు వేఱు దారి పట్టి, దానినుండి పూర్తి క్రియలనే చేసికొనిరి. పాత ‘ఫ్లొరీర్’ పోయి ‘ఫ్లొరెసెర్’ (పూయు) వచ్చినది. తెల్లవారుటకు ‘అమనెసెర్’, చీకటిపడుటకు ‘అనొచెసెర్’ అందురు. ఈ రెండింట లాటిను ప్రత్యయపు పాత యర్థము, మెల్లగా అగుట అనునది, ఇంకను మినుకుమినుకుమనుచున్నదని మాకు తోచును.

ఇంగ్లీషువారికి ఈ ‘ఇస్’ను 1066లో ఇంగ్లండును జయించిన నార్మనులు తెచ్చిపెట్టిరి. ‘ఫినిష్’, ‘పనిష్’, ‘పాలిష్’ అను మాటల తుదనున్న ‘ఇష్’ ఇదే. కనుక చెప్పుల పాలిష్ అనునప్పుడు మనము లాటిను ఆరంభార్థక ప్రత్యయమును పలుకుచున్నాము. దానికి అర్థము పోయి పదునైదు వందల ఏండ్లైనను.

ఇంతవఱకు తల్లిసొత్తు పంపకము. ఇక పొరుగువారితో ఇచ్చిపుచ్చుకొనుటలు. 5వ శతాబ్దమున గాల్ దేశమును ఫ్రాంకులు ఆక్రమించిరి. పాలకుల జర్మానిక భాష చివరకు పోయినది గాని, దాని క్రియలనేకములు మిగిలినవి. వానికి ఇంటిపేరు పెట్టునప్పుడు జనులు ఒక క్రమమును పాటించిరి. ‘యాన్’ అంతమున గలవి ‘ఈర్’ గణమునకును, ‘ఓన్’ అంతమున గలవి ‘ఏ’ గణమునకును పోయినవి. ద్వేషించు ‘అయీర్’, కాల్చు ‘రోతీర్’, ఎన్నుకొను ‘శ్వాజీర్’ మొదటి తెగవి. కాపాడు ‘గార్దే’ రెండవ తెగది. మన రైలు గార్డు ఆ వంశమువాడే. అనగా నాడు పరదేశి క్రియలకు ఫ్రెంచిలో రెండు వాకిళ్ళు తెఱచియుండెను. నేడు ఒక్కటియే, ‘ఏ’. టెలిఫోను ‘తెలెఫొనే’ యైనది. కంప్యూటరు మీటను నొక్కుట ‘క్లికే’ యైనది. వాకిలి మూతపడిన తరువాత కూడ లోపల నున్నవారు సుఖముగా కాపురము చేయుచునే యున్నారు.

బాకీ తీర్చినట్లు ఫ్రెంచి భాష జర్మనునకు ప్రత్యయమునే ఇచ్చినది. 12, 13 శతాబ్దములలో ఫ్రెంచి ప్రభువుల వీరగాథలు, పోటీలు, మర్యాదలు జర్మను సంస్థానములలో మోజు గొల్పినవి. ఫ్రెంచి క్రియలు తమ ‘ఇయేర్’ అను తోకతో సహా వచ్చి, దానిపై జర్మను ‘ఎన్’ను కూడ తొడిగించుకొనినవి. ‘ష్టుడీరెన్’ (చదువు), ‘టెలెఫోనీరెన్’ వంటివానిలో ఈ జంట ప్రత్యయము నేటికిని కలదు. జర్మను క్రియలకు భూతకృదంతమున వచ్చు ‘గె’ అను ఉపసర్గ వీనికి రాదు. అనగా ఎనిమిది వందల ఏండ్లు గడచినను ఇంటివారు వీనికి లోపలి పీట వేయలేదు! అయినను ఈ ప్రత్యయము స్వీడిషునకు, రష్యనునకు సైతము ప్రాకినది. లాటిను రైతు పలికిన ‘ఆరె’ మాస్కో వఱకు నడచిపోవుట విడ్డూరము కాదా?

ప్రవాసమందున్న మనవంటివారికి రుమేనియను కథ ఇంతకంటె దగ్గఱిది. నాలుగువైపుల స్లావు భాషలు, మాజరు భాష. నడుమ ఒక లాటిను ద్వీపము. అక్కా చెల్లెండ్రతో వేయేండ్లకు పైబడి రాకపోకలు లేవు. పొరుగునుండి పదములు రాశులుగా వచ్చిపడినవి. ప్రేమించుటకు, చెల్లించుటకు, బ్రతుకుటకు రుమేనియనువారు వాడు క్రియలు స్లావువే. ‘యుబెస్క్’ అనగా ప్రేమించుచున్నాను. ‘యుబ్’ స్లావు ధాతువు. ‘ఎస్క్’ మనము పైని చూచిన లాటిను ప్రత్యయము. ‘ప్రేమించు’లో సంస్కృత ప్రకృతికి తెలుగు ప్రత్యయము వలెనే. అంతటితో ముగియలేదు. స్లావు క్రియలతోబాటు ‘ఉయి’ అను స్లావు ప్రత్యయము కూడ లోనికి వచ్చి, లాటిను పదములకే అతుకుకొన జొచ్చినది. ‘ప్రెత్సుయెస్క్’ అనగా విలువ కట్టుచున్నాను, గౌరవించుచున్నాను. ప్రకృతి లాటిను, నడుమ స్లావు ‘ఉయి’, చివర మరల లాటిను ‘ఎస్క్’. ఒక్క క్రియలో మూడంతస్తులు! ఇట్టి భాషను సంకరమని ఈసడించిన వారు లేకపోలేదు. మేము అట్లు తలపము. పునాదియు, పైకప్పును ఇంటివారివే. నడిమి దూలము పొరుగూరినుండి వచ్చినంతమాత్రమున ఇల్లు పరులది కాదు.

ఇంతకంటె కఠినమైన పరీక్షకు నిలిచినవారు స్పెయిను యూదులు. 1492లో దేశబహిష్కృతులై, వారిలో అనేకులు తురుష్క సామ్రాజ్యమున సలోనికా, ఇస్తాంబులు, ఇజ్మీరు నగరములలో స్థిరపడిరి. విడిచి వచ్చిన దేశపు భాషను నాలుగు వందల ఏండ్లకు పైగా ఇంటను, అంగడిని మాటలాడిరి. వ్రాతకు హీబ్రూ లిపి వాడిరి. (తమిళ లిపిలో తెలుగు కీర్తనలు వ్రాసికొని పాడుకొను కుటుంబములు మనలో ఉన్నవి గదా!) తురుష్క భాషనుండి క్రియలు రాక తప్పలేదు. వానికి వారు తమ స్పానిషు ‘ఎయార్’నే తగిలించిరి. తురుష్కపు ‘దయాన్’ నుండి ‘దయానెయార్’, అనగా ఓర్చుకొను. ‘బొయా’ నుండి ‘బొయాదెయార్’, అనగా రంగువేయు. హీబ్రూ ధాతువునుండి ‘దర్సార్’, అనగా మతప్రవచనము చేయు. ధర్మగ్రంథమును చదువుటకు వారు వాడు ‘మెల్దార్’ మాత్రము ఇంకను పాతది. గ్రీకునుండి కడపటి లాటిను ద్వారా యూదుల నోట నిలిచినది. ఇట్లు మాటలు నలుదిక్కులనుండి వచ్చినను, అవి పురుషమునందును, కాలమునందును నడచినది స్పానిషు త్రోవనే. ఆ భాష క్షీణించుటకు ప్రత్యయము కారణము కాదు. 1943లో నాజీలు సలోనికానుండి నలుబదివేలకు పైబడిన యూదులను మరణశిబిరములకు తరలించిరి. మాటలాడువారినే హతమార్చినపుడు ఏ వ్యాకరణము రక్షించును?

మన ‘ఇంచు’ను ఈ వెలుగున చూచినచో కొన్ని సంగతులు తోచును. చేయించు, నడిపించు అను ప్రేరణార్థమునందు అది పనిచేయుచునే, నన్నయ కాలమునకే, అనగా 11వ శతాబ్దమునకే, సంస్కృత ప్రకృతులను ధారాళముగా తెలుగు క్రియలుగా మార్చుచుండెను. కన్నడమున దీని తోబుట్టువగు ‘ఇసు’ అదే పని చేయును: ‘ప్రీతిసు’, ‘యోచిసు’. తమిళులు ‘ఇ’కారముతోనే సరిపెట్టిరి. మరాఠీ, ఒడియా వారు ‘విచార కరణే’, ‘చింతా కరిబా’ అని చేయుట అను క్రియను తోడు తెచ్చుకొనిరి. హిందూస్తానీ మాటలు వచ్చినప్పుడును ‘ఇంచు’ వెనుదీయలేదు. చలాయించు, ఫిరాయించు, దబాయించు, బనాయించు అనునవి సలోనికా యూదుల ‘బొయాదెయార్’కు సాటివచ్చు మాటలు. ఇంగ్లీషు వచ్చునప్పటికి మాత్రము వాకిలి మూతపడినది. ఫ్రెంచివాడు ‘తెలెఫొనే’ అనును, మనము ‘ఫోను చేయు’ అందుము. ‘ఫోనించు’ అన్నవానిని నవ్వుదురు.

దీనిని క్షయముగా నెంచుటకు మేము సిద్ధముగా లేము. ఫ్రెంచిలో ‘ఈర్’ మూతపడి ‘ఏ’ తెఱచికొనినట్లే, మనకు ‘ఇంచు’ చోట ‘చేయు’ వాకిలి తెఱచినది. కాలపురుషముల పని యావత్తును తెలుగు క్రియయే చేయుచున్నది. కాని తమిళనాట ‘ఫోన్ పణ్ణు’ అనియు, కన్నడసీమ ‘ఫోన్ మాడు’ అనియు వినివిని, తెలుగు ఇంటి పిల్లలు ఆ ‘పణ్ణు’నకో ‘మాడు’నకో మన విభక్తులు తగిలించి పలుకుచుందురేని, అక్కడ నామము కాదు, ఇంటిపనులు చేయు క్రియయే మారుచున్నదన్నమాట. ఏ యింట ఏది జరుగుచున్నదో తెలియుటకు పండితుడు అక్కఱలేదు. భోజనము వేళ పిల్లలు ఫోనును గూర్చి మాటలాడుకొనుచుండగా ఆ చివరి మాటను చెవియొగ్గి విన్న చాలును.